ఆర్డ్‌మోర్ వెళ్లేవాళ్లకు: ఓడలు విరిగిన ఊరు, అమావాస్య లెక్క

ఒడిశాలోని గోపాల్‌పూర్ ఒడ్డు తెలిసినవాళ్లు ఐర్లాండ్‌లో ఒక్క సముద్రపు ఊరే చూడగలిగితే అది ఆర్డ్‌మోర్ కావాలని నా ఓటు. బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం నుంచి పిల్లల దగ్గరకని వెళ్లిన పెద్దవాళ్లను డబ్లిన్‌లో తిప్పి, మొహర్ కొండగట్టు దగ్గర దింపి తెచ్చేస్తారు. బస్సు దిగు, ఫొటో తియ్యి, బస్సెక్కు. ఆర్డ్‌మోర్‌లో ఆ పద్ధతి కుదరదు. అక్కడ రెండు మూడు గంటలు నడవాలి, గాలి ఎటు నుంచి కొడుతోందో చూసుకోవాలి, నీళ్లు ఎప్పుడు లాగుతాయో తెలుసుకోవాలి. ఇవి మనకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేని విద్యలు.

ఊరు దక్షిణ తీరంలో, వాటర్‌ఫర్డ్ కౌంటీలో ఉంది. చిన్నది. 1911లో తెరచాప ఓడ, 1917లో టార్పెడో తిన్న స్టీమరు, 1987లో తాడు తెగిన క్రేన్ బార్జి (క్రేన్ మోసే, ఇంజను లేని బల్లపరుపు ఓడ): మూడు రకాల ఓడ ప్రమాదాలు ఈ ఊరి చుట్టుపక్కలే జరిగాయి. మూడింటికీ కారణాలు వేరు. అందుకే ‘శిథిలం ఎక్కడుందండీ’ అని అడిగి, అది చూసి తిరిగొస్తే సగం కూడా చూసినట్టు కాదు. ఓడ అక్కడికి ఎందుకొచ్చింది, వచ్చాక బయటపడలేకపోయిందెందుకు అన్నది ఆ ఒడ్డున నిలబడితే కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

ముందు గాలి సంగతి. మన గంజాం తీరం దాదాపు తిన్నగా సాగిపోయే ఇసుక. గోపాల్‌పూర్‌లో ఓడ దాక్కునే మలుపు లేదు. రంగూన్ స్టీమర్ల కాలంలో ఓడ దూరంగా లంగరు వేస్తే, మనుషుల్నీ సరుకునీ పడవల్లో కెరటాలు దాటించేవారు. తుపాను వాసన తగిలితే ఓడకున్న దారి ఒకటే, లంగరెత్తి లోతుకు పోవడం. ఆర్డ్‌మోర్‌లో అలా కాదు. ఊరికి దక్షిణాన ఆర్డ్‌మోర్ హెడ్ అనే కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చి, ఆ వెనక ఒక చిన్న అఖాతాన్ని కాస్తుంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు వీచేది నైరుతి గాలి. ఆ గాలికి కొండ అడ్డం. బయట సముద్రం ఎగిరిపడుతున్నా ఊరి ముందు నీళ్లు కొంత నెమ్మదిగా ఉంటాయి.

చిక్కంతా ఆ అఖాతం నోరు తూర్పుకీ ఆగ్నేయానికీ తెరుచుకుని ఉండటంలో ఉంది. అట్లాంటిక్ నుంచి వాయుగుండం వచ్చేటప్పుడు గాలి సాధారణంగా ముందు ఆగ్నేయం నుంచి లేస్తుంది, గుండం దాటుతుండగా నైరుతికి తిరుగుతుంది. అంటే నిన్న చల్లగా కాచిన చోటే ఈ రోజు ఉచ్చు. తెరచాప ఓడ గాలికి తిన్నగా ఎదురెళ్లలేదు. మామూలు స్కూనర్ (రెండు మూడు కొయ్యల తెరచాప ఓడ) గాలి దిశకు సుమారు 50 డిగ్రీలు వాలి, అటొకసారి ఇటొకసారి తిరుగుతూ ముందుకు పోవాలి. పెద్ద కెరటాలున్నప్పుడు ముందుకు పోయినదానికన్నా పక్కకు కొట్టుకుపోయేదే ఎక్కువ. అఖాతం ఇరుకు, రెండు పక్కలా రాయి. మలుపు తిప్పుకునే చోటు చాలక ఓడ ఒడ్డుకే వస్తుంది.

1911 మార్చి 18న టీజర్ అనే స్కూనర్‌కు జరిగింది ఇదే బాపతు. స్వాన్‌సీ నుంచి బొగ్గు వేసుకుని పడమటి తీరంలోని కిలార్గ్లిన్‌కు పోతున్న ఓడ, తుపాను గాలికి అఖాతం ఈశాన్యపు కొసలో ఉన్న కర్రా రేవు దగ్గర ఒడ్డెక్కి విరిగింది. లోపల ముగ్గురు. ముగ్గురూ పోయారు. ఒడ్డున జనం, ఓడలో జనం ఒకరికొకరు కనిపిస్తూనే ఉన్నారు. ఆ రోజుల్లో ఒడ్డు నుంచి మనుషుల్ని కాపాడే రాకెట్ సామాను ఎలా పనిచేసేదో తెలియకపోతే ఇది ఎలా జరిగిందో అర్థం కాదు. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

పెట్టెలో మేకుల చుట్టూ చిక్కుపడకుండా పేర్చిన సన్నతాడు ఉంటుంది. దాని కొస రాకెట్‌కు కట్టి, గాలి పక్కకు తోసే దూరం లెక్కేసి, ఓడ మీదుగా పోయేలా కాలుస్తారు. ఆ కాలపు రాకెట్ తాడుతో సహా సుమారు 300 మీటర్లు పోయేది. తాడు ఓడ మీద పడటంతో పని అయిపోలేదు, అప్పుడే మొదలవుతుంది. ఓడలోని మనిషి ఆ సన్నతాడును లాగితే దాని వెంట ఒక కప్పీ వస్తుంది. కప్పీలోంచి రెండు కొసలూ ఒడ్డునే ఉన్న మోకు పోతుంది. కప్పీతో పాటు ఒక చెక్క పలక వస్తుంది. కప్పీ తోకను తెరచాప కొయ్యకు వీలైనంత పైన కట్టు, మోకు సాఫీగా తిరుగుతోందో లేదో చూడు, తర్వాత ఒడ్డుకు సైగ చెయ్యి అని దాని మీద ఒక పక్క ఇంగ్లీషులో, రెండో పక్క ఫ్రెంచిలో రాసి ఉంటుంది. ఆ సైగ వచ్చాక ఒడ్డువాళ్లు ఆ మోకుతోనే ఇంకా లావు మోకు పంపుతారు. దాన్ని కప్పీకి సుమారు రెండడుగులు పైన కట్టాలి. ఆ లావు మోకుకు వేలాడుతూ, లాగు కుట్టిన రబ్బరు టైరులాంటి ఉయ్యాల ఓడ దాకా వెళ్లి ఒక్కొక్క మనిషినీ తెస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. లాగాలి, ముడి వెయ్యాలి, ఎక్కాలి, సైగ చెయ్యాలి, మళ్లీ లాగాలి, మళ్లీ ముడి వెయ్యాలి. అన్నీ ఓడలోని చేతులే చెయ్యాలి. మార్చి నెలలో అక్కడి నీళ్లు 9 డిగ్రీల దగ్గర ఉంటాయి. గంటల తరబడి ఆ నీళ్లలో నానిన వేళ్లు ముడి వెయ్యడం అటుంచి, మూసుకోవు కూడా. టీజర్ మీద తాళ్లు పడ్డాయి. పట్టుకుని పని చేసే ఓపిక లోపలివాళ్లకు లేదు. సామాను విఫలం కావడం అంటే రాకెట్ గురి తప్పడమే అనుకుంటాం. ఇక్కడ గురి కుదిరింది.

అప్పుడు ఊరి పాదిరి ఫాదర్ జాన్ ఓషే మనుషుల్ని పోగుచేసి, చిన్న పడవలో ఆ కెరటాల్లో ఓడ దగ్గరకు వెళ్లారు. ప్రాణం ఉన్నవాళ్లను నిలపడానికి చేతనైనంత చేశారు గానీ దక్కలేదు. లైఫ్‌బోట్ సంస్థ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది, తోడు వెళ్లినవాళ్లకు కూడా పతకాలు వచ్చాయి. ఒడియావాళ్లు నొలియాలు అని పిలిచే మన తెలుగు జాలర్ల ఇళ్లలో ఈ కథ చెప్తే ఎవరూ ఆశ్చర్యపోరు. ‘తాడు విసిరితే చాలదు, మనిషి పోవాలి కదా’ అంటారు.

కర్రా ఒడ్డును చూడాలంటే నీళ్లు లాగిన వేళ వెళ్లాలి. పోటు మీద వెళితే చాలా చోట్ల ఇసుక మిగలదు, రాళ్ల వరస కనపడదు. మన గోపాల్‌పూర్‌లో పోటుకీ పాటుకీ తేడా పెద్ద తిథుల్లో కూడా రెండు మీటర్ల చుట్టుపక్కలే. అక్కడ మూడున్నర మీటర్లు దాటుతుంది. ఒడ్డు వాలు తక్కువ కాబట్టి నీరు లాగినప్పుడు చాలా దూరం పోతుంది, తిరిగొచ్చేటప్పుడు వెనక నుంచి చుట్టుకుని వస్తుంది. రాళ్ల గుంపు మీద నిలబడి ముందుకే చూస్తుంటే వెనక నీళ్లు నిండిపోతాయి.

ఇక్కడే మన పంచాంగం పనికొస్తుంది. ఆ తీరంలో అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు, అంటే పాడ్యమి, విదియల్లో, పెద్ద పోటు తెల్లవారుజామునా సాయంత్రమూ ఐదారు గంటల ప్రాంతంలో వస్తుంది. కాబట్టి నీళ్లు బాగా లాగేది మిట్టమధ్యాహ్నం పన్నెండుకు అటూఇటూగా. అష్టమి, నవమి రోజుల్లో తిరగబడుతుంది, మధ్యాహ్నానికి పోటు. తేడా కూడా తక్కువ. రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుందనే లెక్క ఇక్కడిలాగే. ప్రయాణం తేదీలు ఖాయం చేసుకునేటప్పుడు తిథి చూసుకుని, వెళ్లే రోజున మాత్రం కార్క్ దగ్గరి కోవ్ (Cobh) రేవు ఆటుపోట్ల పట్టిక చూడండి. వేసవిలో అక్కడ గడియారం గంట ముందుకు తిప్పుతారు. కొన్ని పట్టికల్లో ఆ గంట కలపరు. ఆ ఒక్క గంట దగ్గరే చాలామంది బోల్తా పడతారు. నీళ్లు పూర్తిగా లాగడానికి గంటన్నర ముందు దిగి, తిరగబడగానే వెనక్కి రావడం మంచిది.

రెండో నడక కొండ మీద. ఊరి చివర క్లిఫ్ హౌస్ హోటల్ దాటాక మొదలై, ఈ ఊరి పునీతుడు సెయింట్ డెక్లన్ పేరున్న బావి, పాడుబడ్డ చిన్న చర్చి పక్కగా కొండ అంచు పట్టుకుని తిరిగి, గుండ్రటి గోపురం దగ్గర ఊళ్లోకి దిగుతుంది. సుమారు నాలుగు కిలోమీటర్లు, తీరిగ్గా గంటన్నర. చాలామంది గోపురం వైపు నుంచి మొదలుపెడతారు. హోటల్ వైపు నుంచి వెళ్లడమే నయం. ఎక్కుడు మొదట్లోనే అయిపోతుంది, బార్జి త్వరగా వస్తుంది, అలిసేసరికి ఊరు దగ్గరవుతుంది.

బార్జి పేరు సామ్సన్. 1987 డిసెంబరులో లివర్‌పూల్ నుంచి మాల్టాకు టగ్ (లాగే ఓడ) వెనక లాక్కెళ్తుంటే తుపానులో మోకు తెగి ఈ కొండ కిందకు వచ్చి పడింది. లోపలున్న ఇద్దరిని హెలికాప్టర్ ఎత్తుకెళ్లింది. తుప్పు పట్టిన ఇనుము ఇప్పటికీ రాళ్ల మధ్య ఉంది. విశాఖ తెన్నేటి పార్కు దగ్గర 2020 అక్టోబరులో ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ ఓడ ‘మా’ను చూసినవాళ్లకు ఇది వెంటనే గుర్తొస్తుంది. కాని ‘మా’ను రెస్టారెంటు చేద్దామా అనుకునేంత నిలువుగా నిలిచింది, ఇక్కడ అలాంటిదేమీ మిగల్లేదు. కారణం ఒడ్డు. ఇసుక మీద ఓడ కూర్చుంటుంది, రాయి మీద నలుగుతుంది. మన ఒడిశా తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం ఉత్తరానికి జరుగుతూ పాత ఓడలను కప్పేస్తుంది. బారువ దగ్గర నీటి అడుగున ఉన్న ఓడను చూడాలంటే స్కూబా చెయ్యాల్సిందే. ఆర్డ్‌మోర్‌లో కప్పే ఇసుక కొండ కింద లేదు కాబట్టి ఇనుము బయటే ఉండి, ప్రతి శీతాకాలం కొంత కొంత అరుగుతుంది. ఫొటోల్లో చూసిన ఆకారమే ఉంటుందని ఆశపడి వెళ్లకండి.

లాక్కెళ్లే బార్జికి మోకు ఎందుకు తెగుతుందో కూడా చెప్పాలి. టగ్ ఒక కెరటం మీద, బార్జి మరో కెరటం కింద ఉన్నప్పుడు మోకు వదులై ఒక్కసారిగా బిగుసుకుంటుంది. అందుకే పొడవుగా, మధ్యలో నీళ్లలో వేలాడేలా బరువుగా వదులుతారు, ఆ వేలాడే భాగమే కుదుపును మింగుతుంది. నీళ్లు తక్కువున్న చోట అంత పొడవు వదలలేరు. మోకు బార్జి అంచుమీద రాసుకునే చోట పోగులు తెగుతాయి. పైగా క్రేన్ అంటే ఎత్తు, ఎత్తంటే గాలికి తెరచాప ఉన్నట్టే. మోకు తెగాక ఇంజను లేని బార్జి చెయ్యగలిగింది లంగరు వెయ్యడం ఒక్కటే. ఆ రాతి అడుగున లంగరు పట్టు దొరకడం అదృష్టం మీద ఉంటుంది. సామ్సన్ విషయంలో ఇందులో ఏది ఎంత అన్నది ఇక్కడ తేల్చనక్కర్లేదు, కొండ మీద నిలబడి కిందకు చూస్తే వీటిలో ఏదీ నమ్మలేనిదిగా అనిపించదు.

చూడ్డం బాట మీద నుంచే. కిందకు దిగే దారి అని కనిపించేవి దారులు కావు, గడ్డి కింద మట్టి తొలిచేసి ఉంటుంది. తడి గడ్డి మీద చెప్పులు జారతాయి, చీర కట్టుకునేవాళ్లు ఆ పూటకు వేరే బట్టలు వేసుకోవడం మంచిది. గొడుగు తీసుకెళ్లకండి, ఆ గాలికి రెండు నిమిషాలు కూడా నిలవదు. టోపీ ఉన్న వానకోటు కావాలి. 8 రెట్ల బైనాక్యులర్ ఉంటే తుప్పు ముక్కల్లో ఏది ఏదో తెలుస్తుంది. ఎండ ఉన్న రోజైతే మధ్యాహ్నంలోపు వెలుతురు బాగుంటుంది. బాట పక్కన రెండో ప్రపంచయుద్ధంలో కాంక్రీటు దిమ్మలతో కట్టిన కాపలా గది ఉంది. ఐర్లాండ్ ఆ యుద్ధంలో చేరలేదు గానీ తీరం చుట్టూ 83 కాపలా గదులు కట్టి, పోయే ఓడలనూ విమానాలనూ పుస్తకంలో రాసుకుంది. ఎవరైనా నీళ్లలో ఆపదలో కనిపిస్తే మీరు దిగకండి, 112కు ఫోన్ చేసి కోస్ట్ గార్డ్ కావాలని చెప్పండి.

మూడో ఓడ ఫోలియా మీకు కనపడదు. క్యూనార్డ్ కంపెనీ స్టీమరు, 6,705 టన్నులు. 1917 మార్చి 11న ఆర్డ్‌మోర్ దగ్గరి రామ్ హెడ్ అనే కొండకొసకు నాలుగు మైళ్ల దూరంలో జర్మన్ జలాంతర్గామి యు-53 ముంచింది. ఏడుగురు పోయారు, మిగిలినవాళ్లు పడవల్లో ఆర్డ్‌మోర్ ఒడ్డుకు చేరారు. దాని కెప్టెన్ ఫ్రాన్సిస్ ఇంచ్, 1913లో నడి అట్లాంటిక్‌లో కాలిపోయిన వోల్టర్నో ఓడకూ కెప్టెన్. ఒకే మనిషికి రెండు ఓడలు. డైవింగ్ చేసే పిల్లలకు ఒక మాట: ఐర్లాండ్‌లో వందేళ్లు దాటిన మునిగిన ఓడకు చట్టరక్షణ ఉంది, అనుమతి లేకుండా దిగకూడదు. ఒడ్డున దొరికిన ఇత్తడి ముక్కైనా సరే జేబులో వేసుకోకూడదు.

గోపురం గురించి గైడ్లు చాలా చెప్తారు కాబట్టి క్లుప్తంగా. 12వ శతాబ్దం, సుమారు 30 మీటర్ల ఎత్తు, తలుపు నేలకు నాలుగు మీటర్ల పైన. పక్కనే పైకప్పు లేని చర్చి పడమటి గోడ మీద శిల్పాలున్నాయి. ఆదాము, హవ్వలను వెతికి పట్టుకోవచ్చు. ముఖలింగం గోడలు చూసిన కళ్లకు ఇవి మోటుగా అనిపిస్తాయి. తొమ్మిది వందల ఏళ్లు ఉప్పుగాలి తిన్న రాయని గుర్తుంచుకోవాలి. ఒడ్డున డెక్లన్ రాయి అని ఒక బండ, రెండు చిన్న రాళ్ల మీద ఆని ఉంటుంది. సముద్రం మీద తేలి వచ్చిందని ఊరివాళ్ల నమ్మకం. జులై 24న డెక్లన్ పండగ. ఆ బండ కింద నుంచి దూరితే నడుంనొప్పి పోతుందని పాత రోజుల్లో దూరేవారు. మోకాళ్లు అరిగినవాళ్లు ఈ ప్రయోగం చెయ్యకండి.

ఇక ప్రయాణం. ఐర్లాండ్ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు, ఫ్రాన్సుకో జర్మనీకో తీసుకున్న వీసా అక్కడ చెల్లదు. తొంభై రోజుల లోపు వీసాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, కాగితాలు వీసా కేంద్రంలో ఇవ్వాలి. ఒక్కసారి వెళ్లే వీసా రుసుము 60 యూరోలు, కేంద్రం చార్జీ వేరు. మూడు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, అంత ముందే పెట్టండి. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు కావాలి.

సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది, ఇది ఏ ఏజెంటూ ముందు చెప్పడు. ఒడియాలో వ, బ రెండింటికీ మామూలుగా ఒకే అక్షరం. బడి సర్టిఫికెట్‌లో, భూమి పట్టాలో ఒడియాలో రాసిన వెంకటరావు ఇంగ్లీషులోకి వచ్చేసరికి బెంకటరావు అవుతాడు. పాస్‌పోర్టులో వెంకటరావు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. కొడుకు కాగితాల్లో తండ్రి పేరు ఒకలా, తండ్రి కాగితాల్లో ఇంకోలా ఉంటే బంధుత్వం రుజువు కాలేదంటారు. దరఖాస్తు పెట్టకముందే అన్ని కాగితాలూ ఒక వరసలో పేర్చి పేరు అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ఇద్దరూ ఒక్కరే అని నోటరీ అఫిడవిట్ చేయించి, దరఖాస్తుతో ఇచ్చే ఉత్తరంలో ఒక వాక్యం రాయండి. ఒడియా, తెలుగు కాగితాలకు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం తప్పనిసరి. అనువాదం చేసేవాడికి పాస్‌పోర్టు నకలు కూడా ఇవ్వండి, లేకపోతే వాడు మళ్లీ బెంకటరావు అనే రాస్తాడు.

భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో గల్ఫ్ మీదుగా డబ్లిన్ చేరడం తేలిక. లండన్‌లో విమానం మారితే బ్రిటన్ ట్రాన్సిట్ వీసా సంగతి ముందే చూసుకోవాలి. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి కార్క్‌కు రైలు రెండున్నర గంటలు. కార్క్ బస్టాండు నుంచి 260 నంబరు బస్సు ఆర్డ్‌మోర్‌కు పోతుంది గానీ రోజుకు కొన్నే. మధ్యలో వచ్చే పెద్ద ఊరి పేరు బోర్డు మీద చూసి యూఘల్ అనకండి, ఎవరికీ అర్థం కాదు. దాన్ని ‘యాల్’ అంటారు. కారైతే ఎన్25 రోడ్డు వదిలి ఆర్673 పట్టుకోవాలి. అక్కడా మనలాగే ఎడమ పక్కే నడుపుతారు, కాని సందుల్లాంటి రోడ్లకు రెండు వైపులా ఎత్తు కంచెలుంటాయి, మలుపు అవతల ఏముందో కనపడదు.

నెలల్లో మే, జూన్ నయం, రాత్రి పది దాకా వెలుగుంటుంది. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి. జులైలో కూడా పగటి వేడి 18 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, మన పుష్యమాసపు పొద్దుటిపూట అనుకోండి. తిండికి చేపల చౌడర్ దొరుకుతుంది, పాలూ వెన్నా వేసిన చిక్కటి పులుసు, కారం ఉండదు. రొయ్య, గవ్వచేప పడనివాళ్లు ముందే అడగాలి. పొగబెట్టిన మాకరెల్ మాత్రం తప్పకుండా తినండి, మన కానగంతకు దగ్గర చుట్టం, ఇంకా నూనె ఎక్కువ. ఆవకాయ చిన్న డబ్బా వెంట ఉంటే రెండూ కలుస్తాయి. ప్లగ్గు మూడు పలక పిన్నులది, మన గుండ్రటి పిన్నులు దూరవు, అడాప్టర్ బరంపురంలోనే కొనుక్కోండి. దిగగానే స్టాపులో తిరుగు బస్సుల వేళలు ఫొటో తీసి పెట్టుకుని, అప్పుడు కొండ ఎక్కండి. ఆఖరి బస్సు తప్పితే యాల్ దాకా టాక్సీయే గతి, దాన్ని కూడా పొద్దున్నే చెప్పి ఉంచాలి.